పోగు తెగితే ఆగాల్సిందే!

ఒక వడ్రంగి కొడుకు మగ్గం బాగుచేశాడు. ఆయన కొడుకు ఆ మగ్గాల షెడ్డులోనే కారు చేశాడు. తొంభై ఏళ్లు తిరిగేసరికి ఆ ఇంటిపేరు ప్రపంచంలోనే అత్యధికంగా అమ్ముడయ్యే కారు పేరైంది. 'టొయోటా కొంటే నిశ్చింత' అన్న మాట దేశదేశాల్లో పాకింది. ఆ నమ్మకం ఎక్కడ పుట్టింది? రెండుసార్లు ఎందుకు బీటలువారింది?

జపాన్‌లోని నగోయా నగరం. ఎర్ర ఇటుకల పాత భవనం. 1911లో అదొక నేత మిల్లు. ఇప్పుడు మ్యూజియం. లోపల ఒక హాలు నిండా కార్లు... వాటికంటే ముందు ఇంకో హాలు నిండా మగ్గాలు! కార్లు చూద్దామని వచ్చినవాళ్లు ముందు మగ్గాల మధ్య నుంచి నడవాలి. అక్కడున్న 1924 నాటి మగ్గం ఒకటి ఇప్పటికీ టకటకా నేస్తుంది. పడుగులో ఒక్క పోగు తెగిందా... ఠక్కున ఆగిపోతుంది.

అంతే! చూడ్డానికి చిన్న విషయం. కానీ టొయోటా కథంతా ఆ ఆగడంలోనే ఉంది.

సిరిసిల్లలోనో, మంగళగిరిలోనో మగ్గం ముందు కూర్చున్నవాళ్లకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. పోగు తెగిన సంగతి చూసుకోకుండా నేస్తూపోతే గుడ్డ పొడవునా గీత పడుతుంది. మూరలకొద్దీ నేత వృథా అవుతుంది. అందుకే నేతగాడి కళ్లు ఎప్పుడూ పోగుల మీదే ఉంటాయి. మరి ఆ కళ్లు మగ్గానికే ఉంటే?

అమ్మ మగ్గం

ఆ ఆలోచన సకిచి టొయోడాది. 1867లో, ఇప్పుడు షిజువోకా రాష్ట్రంలో ఉన్న ఒక పల్లెలో పుట్టాడు. తండ్రి వడ్రంగి. ఊళ్లో ఆడవాళ్లంతా రాత్రింబవళ్లు మగ్గం మీద నడుం విరగ్గొట్టుకునేవాళ్లు. వాళ్లలో తల్లి కూడా ఉంది. ఆ కష్టం చూసే మగ్గాన్ని బాగుచేయాలన్న పట్టుదల సకిచిలో పుట్టిందంటారు. తండ్రి దగ్గర నేర్చుకున్న వడ్రంగం ఉండనే ఉంది. చెక్కలు కోయడం, బిగించడం, మళ్లీ ఊడదీయడం... ఇదే పని. ఊరివాళ్లకు అదంతా పిచ్చిలా కనిపించింది. 1891లో చేతిమగ్గం మీద తొలి పేటెంటు వచ్చింది.

1896లో ఆవిరి శక్తితో నడిచే మరమగ్గం తయారుచేశాడు. అందులో పేక నూలు తెగినా, అయిపోయినా మగ్గం దానంతటదే ఆగేది. 1924 నాటికి కొడుకు కీచిరోతో కలిసి 'జి' రకం స్వయంచాలక మగ్గం పూర్తిచేశాడు. పడుగులో ప్రతి పోగుకూ ఒక పలుచటి రేకు వేలాడుతుంది. పోగు తెగితే రేకు కిందికి జారుతుంది. మగ్గం ఆగుతుంది. నాడెలో నూలు అయిపోతే, పరుగు ఆగకుండానే కొత్త నాడె వచ్చి కూర్చుంటుంది. అప్పటిదాకా కొద్దిపాటి మగ్గాలు చూసుకోవడానికే సతమతమయ్యే మనిషి, ఒక్కరే 30కి పైగా మగ్గాలను చూసుకోగలిగారు. ఆగినదాని దగ్గరికి వెళ్తే చాలు కదా!

ఈ పద్ధతికి జపానువాళ్లు 'జిదోకా' అని పేరు పెట్టుకున్నారు. స్వయంచాలకం అనే మాటే అది. కాకపోతే రాసేటప్పుడు అందులోని ఒక అక్షరానికి 'మనిషి'ని సూచించే గుర్తు అదనంగా చేరుస్తారు. మనిషిలా ఆలోచించే యంత్రం అని అర్థం. తప్పు జరుగుతోందని తెలిసీ పని చేసుకుపోయేది ఎంత వేగంగా నడిస్తే ఏం లాభం?

మగ్గాల షెడ్డులో కారు

మగ్గాల కోసం 1926లో సకిచి పెట్టిన కంపెనీ టొయోడా ఆటోమేటిక్ లూమ్ వర్క్స్. 1929లో ఇంగ్లండ్‌కు చెందిన ప్రఖ్యాత జౌళి యంత్రాల సంస్థ ప్లాట్ బ్రదర్స్ ఆ మగ్గం పేటెంటు హక్కులు కొనడానికి ముందుకొచ్చింది. ఒప్పందం విలువ లక్ష పౌండ్లు! పారిశ్రామిక విప్లవం పుట్టిన దేశం ఒక జపాన్ వడ్రంగి బుర్రకు కట్టిన ధర అది. మర్నాటి సంవత్సరమే సకిచి కన్నుమూశాడు.

కొడుకు కీచిరోకి కార్ల పిచ్చి. ఇంజినీరింగ్ చదివాడు. అమెరికా, ఇంగ్లండ్ తిరిగి వచ్చాడు. 1933లో మగ్గాల కంపెనీలోనే కార్ల విభాగం తెరిచాడు. అమెరికా కారు కొని తెచ్చి నట్టు నట్టూ ఊడదీశారు. ఇంజిన్ దిమ్మె పోతపోయడమే ఒక యజ్ఞమైంది. పోసినవి పోసినట్టు పగుళ్లిచ్చేవి. వాటిని కరిగించి మళ్లీ పోసేవారు. 1935లో తొలి నమూనా కారు, అదే ఏడాది చివర్లో తొలి లారీ బయటికి వచ్చాయి.

ఆ లారీల పరువు గురించి చెప్పుకోకపోవడమే మంచిది! ఎక్కడ పడితే అక్కడ ఆగిపోయేవి. 'నమ్మకానికి మారుపేరు' అనిపించుకున్న కంపెనీ తొలి బండ్లు అలా ఉండేవి. అయితే టొయోటా మొహం చాటెయ్యలేదు. ఆగిన చోటికి మనుషుల్ని పంపింది. ఉచితంగా బాగుచేయించింది. ఏ భాగం ఎందుకు విరిగిందో రాసుకుని ఫ్యాక్టరీలో మార్పులు చేసింది. పేరు సంపాదించే పని అక్కడ మొదలైంది.

1937 ఆగస్టు 28న టొయోటా మోటార్ కంపెనీ ఏర్పాటైంది. ఈ తేదీ గుర్తుంచుకోండి. ఈ కథలో మళ్లీ వస్తుంది.

యుద్ధం ముగిశాక కంపెనీ దివాలా అంచుకు చేరింది. 1949లో జపాన్‌లో అప్పులు పుట్టని పరిస్థితి. బ్యాంకులు ఆదుకుంటామన్నాయి. కానీ మనుషుల్ని తగ్గించాలన్నాయి. ఎవర్నీ తీసేయనని కార్మికులకు మాటిచ్చిన మనిషి కీచిరో. సమ్మె రెండు నెలలు సాగింది. చివరికి 2 వేల మందికి పైగా ఉద్యోగాలు వదులుకోవాల్సి వచ్చింది. మాట నిలబెట్టుకోలేకపోయిన కీచిరో 1950 జూన్‌లో అధ్యక్ష పదవికి రాజీనామా చేశాడు. అదే నెలలో కొరియా యుద్ధం మొదలైంది. అమెరికా సైన్యం లారీలకు ఆర్డర్లిచ్చింది. కంపెనీ గట్టెక్కింది. ఆయన్ని మళ్లీ రమ్మన్నారు. సరేనన్నాడు. కుర్చీలో కూర్చోకముందే, 1952 మార్చిలో, 57వ ఏట మరణించాడు. తాను కన్న కలను కళ్లారా చూసుకోలేకపోయాడు.

తాడు లాగే హక్కు

1950లో కీచిరో బంధువు ఎయిజీ టొయోడా అమెరికా వెళ్లి ఫోర్డ్ ఫ్యాక్టరీ చూశాడు. అక్కడ రోజుకు 8 వేల వాహనాలు. టొయోటాలో రోజుకు 40! ఏనుగుకూ ఎలుకకూ పోటీ. అంత డబ్బు లేదు, అంత స్థలం లేదు, అన్ని యంత్రాలు లేవు. ఉన్నదల్లా ఏదీ వృథా చేయకూడదన్న అవసరం ఒక్కటే.

ఆ అవసరాన్ని పద్ధతిగా మార్చినవాడు తాయిచి ఓనో. ఈయనా నేత మిల్లు నుంచి వచ్చినవాడే. ఒకే మనిషి పదుల మగ్గాలు చూసుకోవడం కళ్లారా చూసినవాడు. 'అక్కడ కుదిరింది ఇక్కడెందుకు కుదరదు?' అనుకున్నాడు. ఒక్కో కార్మికుడికి రెండు మూడు యంత్రాలు అప్పగించాడు. పాతకాపులు గొడవ చేశారు. ఆయన వెనక్కి తగ్గలేదు. అమెరికా సూపర్‌మార్కెట్లో సరుకు ఎంత అమ్ముడైతే అంతే మళ్లీ అరలో సర్దుతారని తెలుసుకుని, ఫ్యాక్టరీలోనూ అదే పెట్టాడు. వెనకవాడు అడిగినప్పుడే, అడిగినంతే ముందువాడు తయారుచేయాలి. ఆ అడిగే చీటీయే 'కాన్‌బాన్'.

అన్నిటికన్నా పెద్ద మార్పు ఇంకొకటుంది. కార్లు కదిలే లైను పొడవునా ఒక తాడు. పని చేస్తున్న ఏ కార్మికుడికైనా చిన్న తేడా కనిపించిందా... లాగొచ్చు. దీపం వెలుగుతుంది. పైవాడు పరుగెత్తుకొస్తాడు. కారు ఆ చోటు దాటేలోగా సంగతి తేలకపోతే లైన్ మొత్తం ఆగిపోతుంది. ఆగిన ప్రతి నిమిషం నష్టమే. అయినా సరే, ఆపినవాడిని తిట్టకూడదు. మగ్గం మీది పలుచటి రేకు చేసిన పనే ఇక్కడ మనిషి చేస్తాడన్నమాట.

ఆపాక ఏం చేయాలి? ఐదుసార్లు 'ఎందుకు' అని అడగాలంటాడు ఓనో. ఆయన చెప్పిన ఉదాహరణే చూడండి. యంత్రం ఆగింది. ఎందుకు? లోడు ఎక్కువై ఫ్యూజు పోయింది. లోడు ఎందుకు ఎక్కువైంది? బేరింగుకు ఆయిల్ అందలేదు. ఎందుకు అందలేదు? పంపు సరిగ్గా తోడటం లేదు. ఎందుకు తోడటం లేదు? దాని షాఫ్టు అరిగిపోయింది. ఎందుకు అరిగింది? జల్లెడ లేకపోవడంతో ఇనుప రజను లోపలికి పోయింది. ఫ్యూజు మార్చి చేతులు దులుపుకుంటే నెల తిరక్కుండా యంత్రం మళ్లీ ఆగేది. మందు వేయాల్సింది ఫ్యూజుకి కాదు, జల్లెడకి!

అమెరికాలో తొలి దెబ్బ

1957లో ధైర్యం చేసి అమెరికాలో కాలుపెట్టింది టొయోటా. హాలీవుడ్‌లో ఆఫీసు తెరిచింది. 'క్రౌన్' కారును దించింది. జపాన్ గతుకుల రోడ్లకు గట్టిగా చేసిన బండి అది. అమెరికా హైవేల మీద వేగం అందుకోలేక ఆపసోపాలు పడింది. 1958లో మొత్తం అమ్మింది 287 క్రౌన్ కార్లు, ఒక్కటంటే ఒక్క ల్యాండ్ క్రూయిజర్. 1960లో ఆ కార్ల ఎగుమతి ఆపేసింది. ఇంటికెళ్లి లోపాలు సరిచేసుకుని 1965లో 'కరోనా'తో తిరిగొచ్చింది. ఈసారి అమెరికా ఆదరించింది.

1966లో 'కరోలా' వచ్చింది. మధ్యతరగతి కుటుంబం కోసం చేసిన ఆ చిన్న కారు 1997లో ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌ని దాటేసింది. 2021 నాటికి 5 కోట్ల మార్కు దాటింది. హడావుడి లేని రూపం, అడ్డం తిరగని ఇంజిన్... ఇంటి మనిషిలా కలిసిపోయింది.

1984లో అమెరికా దిగ్గజం జనరల్ మోటార్స్, టొయోటా కలిసి కాలిఫోర్నియాలోని ఫ్రిమాంట్‌లో మూతపడ్డ ఫ్యాక్టరీని తెరిచాయి. మూతపడక ముందు అక్కడ పనికి ఎగనామం పెట్టేవాళ్లు ఎక్కువ, నాణ్యత తక్కువ. కార్మికులు చాలామంది పాతవాళ్లే. చేతికి తాడు ఇచ్చారు. లాగమన్నారు. కొద్దికాలంలోనే అక్కడి కార్లు జపాన్ కార్లతో సమానమనిపించుకున్నాయి. లోపం మనుషుల్లో లేదు, వాళ్ల మాట వినని పద్ధతిలో ఉందని తేలిపోయింది.

1989లో ఖరీదైన 'లెక్సస్' బ్రాండు వచ్చింది. మూడు నెలలు తిరక్కుండానే దీపం వైరింగులో, క్రూయిజ్ కంట్రోల్‌లో లోపాలున్నట్టు ఒకటీ అరా ఫిర్యాదులు. టొయోటా అమ్మిన 8 వేల కార్లనూ వెనక్కి పిలిచింది. సిబ్బంది యజమానుల ఇళ్లకు వెళ్లి కార్లు తీసుకెళ్లారు. బాగుచేసి, కడిగి, ట్యాంకు నింపి మళ్లీ ఇంటి ముందు పెట్టారు. పరువు పోతుందనుకున్న సంఘటనే పరువు పెంచింది. తప్పు ఒప్పుకోవడంలో నష్టం లేదని ఆ రోజు టొయోటాకు తెలుసు.

మన గుమ్మంలోకి...

చిత్రంగా, కిర్లోస్కర్‌తో చేయి కలిపి టొయోటా కుటుంబం భారతదేశానికి మొదట తెచ్చింది కూడా కారు కాదు, జౌళి యంత్రమే! 1995లో బెంగళూరులో నూలు వడికే యంత్రాల కోసం ఉమ్మడి సంస్థ ఏర్పడింది. 1997లో కార్ల కంపెనీ టొయోటా కిర్లోస్కర్ పుట్టింది. బెంగళూరు శివార్లలోని బిడది ఫ్యాక్టరీ నుంచి 2000లో 'క్వాలిస్' రోడ్డెక్కింది.

చూడ్డానికి డబ్బాలా ఉందని మొదట్లో వెక్కిరించారు. కానీ పది మంది ఎక్కి, పైన సామాను కట్టి తిరుపతి వెళ్లొచ్చిన కుటుంబాలకు దాని సంగతి తెలిసింది. ట్యాక్సీ యజమానులు కళ్లకద్దుకున్నారు. బాగా అమ్ముడవుతుండగానే క్వాలిస్‌ని ఆపేసి, 2005లో 'ఇన్నోవా' తెచ్చింది కంపెనీ. పెళ్లివారి బండి నుంచి నాయకుల కాన్వాయ్ దాకా తెలుగునాట ఆ బండి తిరగని చోటు లేదు. 'లక్షల కిలోమీటర్లు తిరిగినా ఇంజిన్ విప్పలేదు' అని డ్రైవర్లు చెప్పుకునే మాటకు మించిన ప్రకటన ఏముంటుంది?

ఆగని కారు

2008లో టొయోటా 77 ఏళ్లుగా అగ్రస్థానంలో ఉన్న జనరల్ మోటార్స్‌ని దాటి ప్రపంచంలో మొదటి స్థానానికి చేరింది. దేశదేశాల్లో కొత్త ఫ్యాక్టరీలు, కొత్త మోడళ్లు. ఎంత వేగంగా పెరిగితే అంత గొప్ప అన్న ధోరణి.

2009 ఆగస్టు 28. కంపెనీ పుట్టి సరిగ్గా 72 ఏళ్లు. కాలిఫోర్నియాలోని శాన్‌డీగో దగ్గర ఒక లెక్సస్ కారు అదుపు తప్పింది. యాక్సిలరేటర్ నొక్కుకుపోయింది. వేగం తగ్గడం లేదు. కారు ఆగడం లేదని లోపలున్నవాళ్లు ఫోన్‌లో పోలీసులకు చెబుతుండగానే ప్రమాదం జరిగిపోయింది. ఒకే కుటుంబానికి చెందిన నలుగురు మరణించారు. ఆ కారులో వేసింది వేరే మోడల్‌కు సంబంధించిన ఫ్లోర్ మ్యాట్. దాని కింద పెడల్ ఇరుక్కుపోయిందని దర్యాప్తులో తేలింది.

ఆ తర్వాత పెడల్ అతుక్కుపోయే మరో లోపమూ బయటపడింది. ప్రపంచవ్యాప్తంగా 80 లక్షలకు పైగా కార్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. 2010 జనవరిలో అమెరికాలో ఎనిమిది మోడళ్ల అమ్మకాలు నిలిపేశారు. ఫిబ్రవరి 24న కీచిరో మనవడు, అప్పటికి అధ్యక్షుడై ఏడాది కూడా నిండని అకియో టొయోడా అమెరికా చట్టసభ సంఘం ముందు కూర్చున్నాడు. మరీ వేగంగా పెరిగామనీ, భద్రత, నాణ్యత, అమ్మకాలు అన్న వరస తారుమారైందనీ ఒప్పుకున్నాడు. ప్రతి కారు మీదా ఉన్నది తన ఇంటిపేరేనని గుర్తుచేశాడు.

కార్ల ఎలక్ట్రానిక్ వ్యవస్థలో దోషం ఉందేమోనని అంతరిక్ష సంస్థ నాసా నిపుణులతో కూడా పరీక్షలు చేయించారు. అలాంటి ఆధారం దొరకలేదని 2011లో తేల్చారు. హమ్మయ్య అనుకునేలోపు అసలు దెబ్బ వేరే వైపు నుంచి తగిలింది. లోపాల గురించి తెలిసీ వినియోగదారుల్ని తప్పుదోవ పట్టించే ప్రకటనలు చేశామని 2014లో టొయోటా ఒప్పుకోవాల్సి వచ్చింది. కట్టిన సొమ్ము 120 కోట్ల డాలర్లు. పెడల్ చెడిపోవడం యంత్రం తప్పు. తెలిసీ చెప్పకపోవడం? పోగు తెగిందని తెలిసీ నేత ఆపకపోవడమే కదా!

మళ్లీ మగ్గం దగ్గరికే

బుద్ధి వచ్చిందనుకున్నారు. కార్లు మళ్లీ అమ్ముడయ్యాయి. 2020 నుంచి 2024 దాకా వరసగా ఐదేళ్లు అమ్మకాల్లో ప్రపంచంలో టొయోటాదే మొదటి స్థానం. కానీ 2023 డిసెంబరులో ఇంకో పిడుగు పడింది. టొయోటా సొంత అనుబంధ సంస్థ, చిన్నకార్లు చేసే దైహత్సులో భద్రతా పరీక్షల అక్రమాలు బయటపడ్డాయి. 64 మోడళ్లు. 174 అక్రమాలు. కొన్నిటి మూలాలు 1989 నాటివి! కార్ల పంపిణీ మొత్తం ఆపేశారు.

ఎందుకిలా జరిగింది? విచారణ సంఘం చెప్పిన కారణం ఆలోచింపజేస్తుంది. కొత్త కారు తయారీకి పెట్టిన గడువులు మరీ బిగుతు. 'ఈ గడువులో కాదు' అని కిందివాళ్లు పైవాళ్లకు చెప్పలేని వాతావరణం. అంటే... తాడు ఉంది. లాగే ధైర్యం లేదు.

2024 జనవరి 29న వచ్చిన వార్త మరీ విడ్డూరం. డీజిల్ ఇంజిన్ల శక్తిని కొలిచే పరీక్షల్లో, అమ్మే ఇంజిన్లలో ఉండే సాఫ్ట్‌వేర్ కాకుండా వేరేది వాడి అంకెలు నున్నగా కనిపించేలా చేశారని తేలింది. ఆ ఇంజిన్లు మన ఇన్నోవా క్రిస్టా, ఫార్చ్యూనర్, హైలక్స్‌ల్లోనూ ఉండటంతో ఇక్కడా వాటి పంపిణీ కొన్నాళ్లు ఆపారు. రోడ్ల మీదున్న బండ్లకు ప్రమాదం లేదని కంపెనీ భరోసా ఇచ్చింది. ఇంతకీ ఆ ఇంజిన్లు చేసిన సంస్థ ఏది? టొయోటా ఇండస్ట్రీస్. 1926లో సకిచి మగ్గాల కోసం పెట్టిన కంపెనీకి ఇప్పటి పేరు అదే! పోగు తెగితే ఆగే మగ్గం పుట్టిన ఇల్లే, ఆగాల్సిన చోట ఆగలేదు.

మర్నాడు, జనవరి 30న, అకియో టొయోడా విలేకరుల ముందుకొచ్చాడు. అప్పటికి ఆయన ఛైర్మన్. క్షమాపణ చెప్పాడు. మొదలుపెట్టిన చోటుకే తిరిగి వెళ్లాలన్నాడు. ఆ మాట చెప్పడానికి ఆయన ఎంచుకున్న చోటు కూడా అలాంటిదే... నగోయాలోని ఎర్ర ఇటుకల మ్యూజియం. అదే ఏడాది జూన్‌లో టొయోటా సొంత మోడళ్లు ఏడింటి పరీక్షల్లోనూ నిబంధనల ఉల్లంఘన బయటపడితే మళ్లీ తల వంచాడు.

తొలి లారీలు దారిలో ఆగిపోయిన రోజుల్లో టొయోటాకు పేరు లేదు. అయినా తప్పు దాచలేదు. అందుకే పేరొచ్చింది. పేరొచ్చాక, దాన్ని కాపాడుకోవాలన్న ఆత్రంలో తప్పులు దాచింది. అందుకే పోబోయింది. ఇది ఒక్క కార్ల కంపెనీకే చెందిన కథేం కాదు. పరువు కోసం పొరపాటు కప్పిపుచ్చే ఏ ఇంటికైనా, ఏ ఆఫీసుకైనా వర్తిస్తుంది.

ఆ మ్యూజియంలో వందేళ్ల నాటి మగ్గం ఇప్పటికీ నేస్తోంది. కంపెనీ పెద్దదా, అమ్మకాలు ఎన్ని అని దానికి తెలియదు. పోగు తెగిందా... ఆగుతుంది.

ఎనిమిది గీతల పేరు

ఇంటిపేరు టొయోడా. కారు పేరు టొయోటా. ఎందుకీ తేడా? 1936లో కొత్త గుర్తు కోసం కంపెనీ పోటీ పెట్టింది. వేలల్లో ఎంట్రీలు వచ్చాయి. గెలిచినదాంట్లో 'డా'కు బదులు 'టా' ఉంది. పలకడానికి తేలిక. జపాన్ లిపిలో రాస్తే పది గీతలకు బదులు ఎనిమిదే. అక్కడ ఎనిమిది అదృష్ట సంఖ్య. పైగా ఒక కుటుంబం పేరు కాస్తా కంపెనీ పేరుగా మారినట్టూ ఉంటుంది. 'టొయోడా' అంటే సారవంతమైన వరిపొలం అని అర్థం.

ఫ్యాక్టరీ ఉన్న ఊరి పేరు కొరోమో. 1959లో ఆ ఊరు పేరు మార్చుకుంది. ఇప్పుడది టొయోటా నగరం. సాధారణంగా ఊరి పేరు కంపెనీకి పెడతారు. ఇక్కడ కంపెనీ పేరే ఊరికి వచ్చింది!